పచ్చంటే ఏ పచ్చ

1

మూడో గల్లీ చివరి దీపం ఆరింది. మార్చాను. మిగతావి వెలుగుతున్నాయి.

దాలినాయుడు ఈ రోజువారీ పుస్తకం నా చేతికిచ్చి, "దీపాల సంగతి రాయక్కా, నీ గోడు రాయకు" అన్నాడు. నాకన్నా చిన్నవాడే గాని, ఎండకి తాళలేక కొండ లోపల తవ్వుకున్న ఈ లోపలూరికి పెద్ద ఆయనే. దీపాలు, తలుపులు, ఫోను, లోపలికి ఊపిరి తోసే గాలి మర అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. నాకు ముందు ఈ పని చేసిన ముసలాయన రోజూ "అన్నీ బాగున్నాయి" అని రాసి పోయాడు. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. రెండో తరగతితో ఆగిపోయిన చదువు నాది. తప్పులుంటే దిద్దుకోండి.

ఈ పని నేనే అడిగి తీసుకున్నాను. దీపాలు చూసేవాళ్ళు ఒంటరిగా తిరగాలి, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆరో గల్లీ చివర గోడలో మా తాయారుని పెట్టిన చోటుంది. అక్కడా ఒక దీపం ఉంది. దాన్నీ చూడాలి కదా. చూస్తున్నాను. అది ఎప్పుడూ ఆరదు. ఆరితే బాగుండును, మార్చే వంకతో ఇంకాసేపు నిలబడదును.

2

దీపాలకి ఏమీ కాలేదు.

మీదూరి నుంచి ఫోనొచ్చింది. మీదూరంటే కొండ మీద ఊరు. అక్కడ ఎండ తగ్గిందట, జనం బయట తిరుగుతున్నారట. మా పిల్లల్లో పదిమందిని తీసుకుంటామన్నారు. ఇక్కడ గోడలన్నీ సున్నపు రాయి. ఆ దుమ్ము పిల్లల గుండెల్లోకి పోతోంది. తాయారుకి ఏడో ఏట మొదలైంది ఆ దగ్గు, పదకొండో ఏట తీసుకుపోయింది. ఇప్పుడు మా పక్కింటి గుంపస్వామికి పట్టుకుంది. వాడికి ఎనిమిదేళ్ళు. నేను దీపాలు తుడుస్తుంటే గల్లీ ఆ చివర్నుంచి వినబడుతుంది. ఇక్కడే ఉంటే వాడూ ఆ గోడలోకే వస్తాడు.

మీదూరికి దారి మాత్రం చెడ్డది. కొండ పాదం దగ్గర పగలు ఇంకా మనుషులు మాడిపోయే ఎండే. చీకటిపడ్డాక బయల్దేరి, తెల్లారే వేళకి గీతల బండ అనే చోటికి చేరాలి. అక్కడ పాత క్వారీ వాళ్ళు లారీల కోసం రాళ్ళమీద వేసిన రంగు గీతలు మూడున్నాయి. అవి ఒకదాన్నొకటి దాటుకుంటూ, మెలికలు పడుతూ పోతాయట. కుడిదీ ఎడమదీ అని చెప్పడానికి లేదు. దారంతా రంగు చూసుకుని నడవాలి. "పచ్చ గీత పట్టుకుని రండి, మిగతావి పడితే గోతుల్లోకి పోతారు, అక్కడ నేల కుంగుతోంది" అన్నారు.

వాళ్ళు ఎదురు రారు. మా దగ్గంటే వాళ్ళకి భయం. గీత చివర ఒక గుడిసె కట్టారు. పిల్లలు కొన్నాళ్ళు అందులో ఉండి, దగ్గు అంటదని తేలాకే ఊళ్ళోకి. పెద్దవాళ్ళెవరైనా ఒకరు వెంట రావచ్చన్నారు. కాని పైకొచ్చినవాళ్ళు మళ్ళీ కిందికి దిగకూడదు.

"నువ్వెళ్ళక్కా" అన్నాడు దాలినాయుడు.

"నానెళ్ళను."

"రంగులు చూసి ఎరిగినోళ్ళలో నడవగలిగే కాళ్ళున్నది నువ్వొక్కర్తివే. మీ నాయిన నూలుకి రంగులద్దీవోడు. నేను మా అమ్మ చంకలో ఉండగా ఇందులోకి దిగినోణ్ణి. రంగంటే నాకేటి తెలుసు?"

"నా కూతురిక్కడుంది నాయుడూ."

ఆయన ఆరో గల్లీ వైపు చూశాడు. "మరైతే పిల్లలకి నేర్పు. నేర్చుకుంటే ఆళ్ళే ఎళ్తారు" అన్నాడు.

సరేనన్నాను. రంగులు నేర్పేస్తే నేను వెళ్ళక్కర్లేదు. తాయారుని వదలక్కర్లేదు.

3

రెండో గల్లీలో దీపం మినుకు మినుకుమంటోంది. రేపు చూస్తాను.

పిల్లలు వంటశాలలో కూర్చున్నారు. వాళ్ళలో పెద్దది అసిరి. పదమూడేళ్ళు. తాయారూ అదీ ఒకే చాప మీద పడుకునేవారు. తాయారు పోయినప్పట్నుంచీ అది నన్ను చూస్తే తల తిప్పుకుంటుంది. నేనూ దాన్ని సరిగా చూడలేను. వచ్చి అందరికన్నా వెనక కూర్చుంది.

"రంగంటే ఏటత్తా?" అన్నాడు గుంపస్వామి. వాడికి ముందు పళ్ళు రెండూ లేవు.

ఏం చెప్పను? వీళ్ళు పుట్టినప్పట్నుంచీ చూసింది ఒక్క దీపం వెలుతురు. దాని కింద కొన్ని వెలుగ్గా ఉంటాయి, కొన్ని నల్లగా ఉంటాయి, కొన్ని మసగ్గా ఉంటాయి. అంతే. రంగు అనేది పెద్దవాళ్ళు చెప్పే కథ అనుకుంటారు.

"బయట సూర్యుడి వెలుతురు ఒకటి కాదురా. కలగూర లాంటిది. అందులో ఎరుపుంటాది, పసుపుంటాది, పచ్చుంటాది, ఇంకా ఉంటాయి. అన్నీ కలిసుంటే తెల్లగా కనబడతాది. ఆ వెలుతురు బట్ట మీద పడిందనుకో. బట్ట కొన్ని మింగేస్తాది. తనకి పడనిది బయటికి ఉమ్మేస్తాది. ఆ ఉమ్మిందొచ్చి మన కంట్లో పడతాది. అదే ఆ బట్ట రంగు. ఎర్ర బట్ట మిగతావన్నీ మింగి ఎరుపు ఒకటీ వదిలేస్తాది."

"ఛీ! అంటే రంగంటే ఎంగిలేటి?" అన్నాడు గుంపస్వామి.

అందరూ పడి పడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళో అయింది నవ్వి. గొంతులో అడ్డం పడి దగ్గులాగ బయటికొచ్చింది.

"ఎంగిలేరా. బట్ట తినకుండా వదిలేసిందే మనం చూసేది."

"మా అమ్మ ఎంగిలి ముట్టుకుంటే కొడతాది."

"కంటితో ముట్టుకోవచ్చులే."

అప్పుడు వెనకనుంచి అసిరి అడిగింది. "మరి మన దీపంలో ఎన్నున్నాయి?"

"ఒకటే ఉంది. ఆ ఒక్కదాన్ని ఎర్ర బట్ట మింగేస్తే ఇంక ఉమ్మడానికి ఏటీ మిగల్దు. అందుకే మన దగ్గర ఎర్రది నల్లగా కనబడతాది."

"అయితే నల్లగా కనబడ్డవన్నీ నల్లవి కావా?"

"కావు."

అసిరి కాస్త ముందుకి జరిగింది. "మరి తాయారు నల్ల పరికిణీ?"

పప్పు కుండ కుతకుతమంటోంది.

"అది నల్లది కాదు" అన్నాను.

4

రెండో గల్లీ దీపం బాగుచేశాను.

ఆ పరికిణీ నేనే కుట్టాను. మా నాన్న రంగు వేసిన గుడ్డముక్కలు మా అమ్మ మూటలో తెచ్చుకుంది, వాటితో కుట్టాను. నడుము కింద ఒక వరస ఎరుపు, దాని కింద ఒక వరస ఆకు రంగు, అంచు పసుపు. ఈ దీపం కింద రెండు వరసలూ నలుపే. అంచొక్కటే వెలుగు. "నా పరికిణీ ఎర్రగా ఉందా అమ్మా?" అని అడిగేది తాయారు. ఉందే అంటే, "నువ్వు చెప్పడమే గాని" అని నవ్వేది. ఏనాడూ చూడలేదు అది.

ఇవాళ పిల్లలకి పసుపులో సున్నం కలిపి చూపించాను. మా ఇంట్లో పారాణి అలాగే చేసేవారు. పసుపు వెలుగ్గా ఉంది, సున్నం పడగానే నల్లబడింది. "ఎర్రబడింది చూడండి" అన్నాను. "మురికైపోయిందత్తా" అన్నారు. పాపం, వాళ్ళ తప్పేముంది.

మాటలతో నేర్పలేను. తెల్లదీపం కావాలి. లోపలూరు మొత్తానికి అది ఒక్కటే ఉంది, ఆసుపత్రి గదిలో. ఒంటికి కోత పెట్టేటప్పుడు తప్ప వెలిగించరు. నర్సు రూతమ్మని అడగాలి. ఆ గది గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను.

కిందటిసారి అది వెలిగించింది తాయారుకే. ఆ వెలుతురులో నా కూతుర్ని మొదటిసారి రంగులో చూశాను. పెదాలు నీలం. గోళ్ళు నీలం. రూతమ్మ ఇక్కడే పుట్టింది, మనిషి పెదవి ఏ రంగులో ఉండాలో ఆమెకి తెలీదు. నాకు తెలుసు. నీలిమందు తొట్టిలో ముంచి ముంచి మా నాన్న చేతులు ఎప్పుడూ ఆ రంగులోనే ఉండేవి. చేతులకి ఉండాల్సిన రంగది. ఊపిరాడక పెదాలకి వచ్చింది. గదిలో ఉన్న అందరిలో నాకొక్కదానికే తెలిసింది, ఎవరూ ఏమీ చెప్పకముందే.

తాయారు కళ్ళు తెరవలేదు. పరికిణీ దాని ఒంటిమీదే ఉంది. వెలుతురూ ఉంది. చూడలేదు.

5

దీపాల సంగతి తరవాత రాస్తాను.

రూతమ్మ ఒప్పుకుంది. "ఒక్కసారే పైడక్కా. లోపల తీగ సన్నబడిపోయింది. ఎప్పుడు తెగుద్దో చెప్పలేను" అంది.

పిల్లల్ని గదిలో గోడవారగా నిలబెట్టాం. బల్ల మీద పరికిణీ పరిచాను. పక్కన ఒక తోటకూర కాడ, పసుపు, సున్నం. రూతమ్మ మీట నొక్కింది.

ఒకడు కెవ్వుమన్నాడు. ఇద్దరు మోకాళ్ళ మధ్య ముఖం పెట్టేసుకున్నారు. ఒక గుంటపిల్ల తన చేతులు చూసుకుని, నావి కావు ఇవి అన్నట్టు దూరంగా పట్టుకుంది. ముందు తేరుకున్నది గుంపస్వామే. పక్కవాడు నోరు తెరిస్తే లోపలికి చూసి, "ఓలమ్మా, ఈడి నోట్లో ఏదో ఉందత్తా!" అని అరిచాడు.

"నాలికరా అది."

"నాలిక ఇలాగుంటాదేటి?"

ఇంకేముంది, పదిమందీ నాలికలు బయటపెట్టి ఒకరివొకరు చూసుకోవడమే. రూతమ్మ కూడా అద్దం తీసుకుని చూసుకుంది. నవ్వుకుంటోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

"అదే ఎరుపు" అన్నాను. పసుపులో సున్నం వేశాను. ఎర్రగా తిరిగింది. ఈసారి ఎవరూ మురికనలేదు. అసిరి బల్ల దగ్గరికొచ్చి పరికిణీ మీద వేలు పెట్టి వరస వెంట రాసింది. "ఇది వేసుకునే తిరిగిందా తాయారు" అంది.

దీపం సన్నగా గుయ్యిమంటోంది. తొందరపడ్డాను. "గీత ఏ రంగో గుర్తుందా? పచ్చ. ఏదీ, పచ్చ ఎక్కడుందో అందరూ వేలు పెట్టి చూపించండి."

పది వేళ్ళూ అంచు మీద పడ్డాయి. పసుపు అంచు మీద.

"అది కాదర్రా, పచ్చ చూపించమన్నాను."

"ఇదే కదత్తా పచ్చ. మన దీపం రంగు. పచ్చ దీపం అంటారు కదా" అంది అసిరి.

మా నాన్న ఇంట్లో పచ్చంటే ఆకు రంగు. పసుపుని పసుపనేవాళ్ళం. కాని లోపలూరులో దిగిన మొదట్లో ఎవరో ఈ దీపాలకి పచ్చ దీపాలని పేరు పెట్టారు, పచ్చకామెర్లలో ఉన్న పచ్చ అది, అంటే పసుపు. నేనూ ఇన్నేళ్ళూ అలాగే పిలిచాను. ఒక నోటితో రెండు పచ్చలు అంటున్నానని తట్టనే లేదు.

తోటకూర ఆకు పైకెత్తాను. "ఇదర్రా, ఇది చూడండి, ఆకుపచ్చ, ఇది చూసి గుర్తుపెట్టుకోండి" అంటుండగానే తెల్లదీపం టప్పుమని పోయింది.

మళ్ళీ మా దీపమే. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. ఇన్నాళ్ళూ రంగుల్లేవని ఎవరూ ఏడవలేదు.

6

మా ఫోను తీగ ఒకటే. మూడు చోట్ల ఫోన్లున్నాయి, ఇక్కడొకటి, గీతల బండ దగ్గరొకటి, మీదూరులో ఒకటి. ఏ ఫోను ఎత్తినా మిగతా ఇద్దరి మాటా వినబడుతుంది. దాలినాయుడు గంట కొట్టాడు. మీదూరు నుంచి కృపానందం అనే ఆయన ఎత్తాడు. మొదట్నుంచీ మాట్లాడుతున్నది ఆయనే.

"పచ్చ గీత అన్నారు కదండీ. ఏ పచ్చ?" అన్నాను.

"పచ్చంటే పచ్చేనమ్మా. పచ్చగా ఉంటది."

"చేను పచ్చా, కామెర్ల పచ్చా?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. లేచి నిలబడ్డట్టున్నాడు.

"చేను పచ్చ" అన్నాడు, గొంతు మారిపోయింది. "అయ్యో తల్లీ. పసుపుదీ ఒకటుంది. అది పాత మందుగుండు కొట్టు మీదుగా పోతది. అక్కడ కాలు పెడితే నేల ఉండదు. ఎర్రదీ గోతుల్లోకే. ఆకుపచ్చది ఒక్కటే మాకాడికొస్తది. మీరు పసుపనుకున్నారా?"

దాలినాయుడు పక్కనే ఉన్న పీపా మీద కూలబడ్డాడు. "మన దీపం లాటి గీత పట్టుకోండని పిల్లగుంటలకి రోజూ చెప్తన్నానక్కా. ఆళ్ళచేత వల్లె వేయించాను" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. నేనన్నదీ ఆ మాటే కదా.

7

నాలుగో గల్లీలో రెండు దీపాలు ఆరాయి. వాళ్ళు వెళ్ళాక మారుస్తాను.

పిల్లలు ఆకుపచ్చని చూసింది కన్నుమూసి తెరిచినంతసేపు. దాన్ని గుర్తుపెట్టుకుని రాళ్ళమీద వెతకమంటే ఎలా? చేతిలో నమూనా ఉండాలి. మా నాన్న కూడా రంగు కలిపేటప్పుడు ఒక పోగు వేలికి చుట్టుకుని దాంతో పోల్చుకుంటూ కలిపేవాడు.

లోపలూరులో ఆకుపచ్చ గుడ్డ ఒకటే ఉంది.

తాయారు పరికిణీ, కత్తెర తెచ్చుకుని కూర్చున్నాను. అసిరి ఎప్పుడొచ్చిందో వచ్చింది. "కత్తిరించకత్తా" అంది. నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే?"

"దానిదింక ఏటీ లేదు కదా."

"లేదు" అన్నాను. "అందుకే గట్టిగా కట్టుకోండి."

ఈ వెలుతురులో రెండు వరసలూ నలుపే, కుట్టింది నేను కాబట్టి తెలుసు, పైది ఎరుపు, కిందది ఆకు. కింద వరస పది పట్టీలుగా చింపి ఒక్కొక్కరి మణికట్టుకి కట్టాను. గుంపస్వామి చెయ్యి ఎంత సన్నమంటే రెండు చుట్లు తిరిగింది.

బయటి తలుపు దగ్గర తల్లులందరూ ఒకటే ఏడుపు. నాకక్కడ పనిలేదు. కాస్త దూరంగా నిలబడ్డాను. అసిరి వాళ్ళమ్మని వదిలి నా దగ్గరికొచ్చింది.

"పెద్దోళ్ళ చోటు ఖాళీగానే ఉంది. నువ్వూ రా అత్తా."

"నేర్పాను కదే. ఇంక నాతో పనేటి?"

"తాయారైతే నిన్ను లాక్కెళ్ళీది" అని, నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళి ముందు నిలబడింది. తలుపు తీశారు, మూశారు. వేడిగాలి ఒక విసురు లోపలికొచ్చి చల్లారిపోయింది.

8

తెల్లవారుజామున ఫోను మోగింది. నేను పక్కనే కూర్చున్నాను.

"అత్తా." అసిరి గొంతు. "బండ దగ్గరున్నాం. పదిమందిమీ ఉన్నాం. రంగుల్లేవత్తా."

"ఏటే?"

"బయట కూడా లేవు. అబద్ధమేటి నువ్వు చెప్పింది? వెలుతురు వచ్చింది, కనబడుతోంది, మూడు గీతలూ కనబడుతున్నాయి. మూడూ బూడిదలాగే ఉన్నాయి. పట్టీ కూడా బూడిదే."

"చేతి దీపంతో చూశావా?"

"చూశాను. ఒకటి వెలుగు, రెండు నలుపు. వెలుగుది పసుపు, అది వద్దు. మిగతా రెండిట్లో ఏది ఎరుపో ఏది ఆకో తెలీదు. రెండూ మన దీపాన్ని మింగేస్తన్నాయి."

బుర్ర ఉన్న పిల్ల. అక్కడిదాకా తనే తేల్చుకుంది. వెనకాల గుంపస్వామి దగ్గు వినబడుతోంది.

దాలినాయుడు నా చెవి దగ్గరకి వంగాడు. "ఏదో ఒకటి చెప్పక్కా. పొద్దెక్కితే బండ మీద మాడిపోతారు."

ఏం తప్పు చెప్పాను? సూర్యుడి వెలుతురులో అన్నీ ఉంటాయన్నాను. మరి ఎందుకు కనబడటం లేదు? నేను మర్చిపోయానేమో. చిన్నప్పుడు చూసింది నిజం కాదేమో. కలేమో.

అప్పుడు మా నాన్న చేతులు గుర్తొచ్చాయి. పొద్దు వాలిందంటే ఆ చేతులు కడిగేసుకునేవాడు. ఎంత పని మిగిలినా సరే. బేరగాడు గుమ్మంలో నిలబడి బతిమాలినా, "ఇప్పుడు చూపించను, ఈ వేళప్పుడు కంటికి రంగు తెలీదు, రేపు పొద్దున్న రా" అనేవాడు. వెలుతురు ఉంది కదా నాన్నా అంటే, "మనిషిని పోల్చడానికి చాలుద్ది. రంగుకి చాలదు" అనేవాడు.

"అసిరీ. కూర్చోండి."

"ఏటత్తా?"

"వెలుతురు తప్పు కాదే. కొంచెం వెలుతురైతే కన్ను వస్తువుందా లేదా అని మాత్రమే చెప్పగలదు. రంగు చెప్పాలంటే దానికి ఇంకా కావాలి. ఈ మాట నేర్పడం మర్చిపోయాను. ఎవరూ కదలకండి. కూర్చోండి."

"ఎంతసేపు?"

"రంగొచ్చేదాకా."

"రాకపోతే?"

"వస్తాది."

తీగలో ఇంకో గొంతు కలిసింది. కృపానందం. "ఎవరమ్మా కూర్చోమన్నది? ఆడ నీడ లేదు. ఎండ తగిలిందంటే గుడిసెదాకా నడవలేరు ఆ పిల్లలు."

"తెలీక నడిస్తే గుడిసెకే రారండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

గాలి చప్పుడు, పిల్లలు కదిలే చప్పుడు, ఆ దగ్గు. రిసీవరు చెవికి పెట్టుకుని నేను మా దీపం కేసి చూస్తూ కూర్చున్నాను. దీనికి పొద్దు లేదు, సందె లేదు. నేను తప్పు చెప్పి ఉంటే పదిమంది. ఒక్కతే పోతే ఎలా ఉంటుందో తెలుసు. పదిమంది తల్లులు తలుపు అవతల కూర్చుని ఉన్నారు, నేను మాట్లాడే ప్రతి మాటా వింటున్నారు.

అప్పుడు గుంపస్వామి అరుపు. "వచ్చింది! నాలికొచ్చింది! ఓలే అసిరీ, నా నాలిక చూడు!"

"ఉండరా. అత్తా, అత్తా, ఒక గీత ఈడి నాలికలాగ అవుతోంది. అది ఎరుపు. అది కాదు." బట్ట రాతికి రాసుకున్న చప్పుడు. "పట్టీ... పట్టీ కూడా మారుతోంది. నల్లది కాదు ఇది. మధ్య గీత పక్కన పెట్టి చూస్తన్నాను. రెండూ ఒకటే అత్తా. రెండూ ఒకటే ఎంగిలి!"

"లెండి. పట్టీ చూసుకుంటూ నడవండి. మెలిక వచ్చినచోటల్లా ఆగి చెయ్యి పక్కన పెట్టి చూడండి. పరిగెత్తకండి."

"అత్తా, పైన ఇదేటి?"

"ఏది?"

"తల మీద. చాలా ఉంది. చివర కనబడలేదు. ఇది నువ్వు చూపించలేదు, దీని పేరేటి?"

నాకు తెలుసు అదేమిటో. పాఠంలో ఆ రంగు పేరు నేను ఎత్తనే లేదు. పరికిణీలో లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

"నీలం" అన్నాను.

"మంచి రంగా, చెడ్డ రంగా?"

"అంత పైనుంటే మంచిదేనమ్మా. నడవండి."

9

అడుగుల చప్పుడు దూరమైపోయింది. దగ్గు కూడా. కాని లైను పోలేదు. ఎందుకో అర్థం కావడానికి కాసేపు పట్టింది. కంగారులో అసిరి రిసీవరు పెట్టడం మర్చిపోయింది. బండకి వేలాడుతున్నట్టుంది, అప్పుడప్పుడూ టక్ టక్ అని రాతికి తగులుతోంది.

నేనూ పెట్టలేదు. బయట గాలి వినబడుతోంది. ఇక్కడ గాలి మర గాలి ఒకే శ్రుతిలో ఉంటుంది. అది అలా కాదు, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది, ఎవరో వెళ్ళబోయి ఏదో గుర్తొచ్చి తిరిగొచ్చినట్టు. ఒకసారి ఏదో చిన్నది, రెక్కలున్నదనుకుంటాను, దగ్గరగా వచ్చి ఒక కూత కూసి పోయింది. దాలినాయుడికి వినిపించాను. "ఇదేటక్కా?" అన్నాడు. "పిట్ట" అన్నాను. రిసీవరు తిరిగి ఇవ్వడానికి ఆయనకి మనసు రాలేదు. తల్లులందరూ ఒక్కొక్కరే వచ్చి చెవి పెట్టి విన్నారు.

ఆ గాలిలోంచే కృపానందం గొంతు వచ్చింది. "అందరూ వచ్చేశారమ్మా. పదిమందీ గుడిసెలో ఉన్నారు. కాళ్ళు బొబ్బలెక్కాయి, అంతే. ఒక బుడ్డోడు దూరంగా నిలబడి మా ఊరోళ్ళందరికీ నాలిక చూపిస్తన్నాడు. తిడుతున్నాడేమో అనుకుంటన్నారు మావాళ్ళు."

తల్లులు ఏడ్చారు, నవ్వారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను గోడకానుకుని నిలబడ్డాను. మంచి జరిగినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలో తెలీని మనిషిని నేను.

"ఇంకోటమ్మా," అంటున్నాడు కృపానందం, "బండకాడి ఫోను ఎవరో పెట్టకుండా వదిలేశారు. అట్లా ఉంటే బ్యాటరీ అయిపోతది, తీగంతా చచ్చిపోతది. తరవాతి జట్టుకి దారి చెప్పడానికి ఉండదు. మావాళ్ళు అటు రారు, మీకు తెల్సుగా."

"తరవాతి జట్టు ఎప్పుడు?" అన్నాడు దాలినాయుడు.

"వానలయ్యాక."

"అందాకా ఆగదు బ్యాటరీ."

రిసీవరు రాతికి కొట్టుకుంటోంది. ఇంకా తొమ్మిది మంది పిల్లలున్నారు లోపలూరులో, అందరికన్నా చిన్నదానికి నిన్నే దగ్గు మొదలైంది.

"ఎవరో ఒకరు వెళ్ళి పెట్టాలి కదా" అన్నాను.

"బండ దాకా వెళ్ళినోళ్ళు తెల్లారేలోగా తిరిగి రాలేరక్కా. పైకెళ్ళాల్సిందే."

"తెలుసు."

ఆయన తలుపు తాళాలు వెతుక్కుంటూ లేచాడు.

ఆరో గల్లీకి వెళ్ళాను. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఏం చెప్పాలో ఆలోచించుకుని వెళ్ళలేదు. "ఫోను పెట్టడానికి వెళ్తున్నానమ్మా" అన్నాను. అది నిజమే. పైకెళ్ళినవాళ్ళు కిందికి రాకూడదన్న మాట మాత్రం చెప్పలేదు. చెబితే తాయారు చాలా ప్రశ్నలు వేస్తుంది. రాయి చల్లగా ఉంది. చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది.

నాలుగో గల్లీలో ఆరిన రెండు దీపాలూ మార్చాను. రూతమ్మ ఈ పని చూస్తానంది, పుస్తకం ఆమెకిస్తున్నాను.

నాకు చెప్పుల్లేవు. ఇన్నేళ్ళూ ఇక్కడ వట్టికాళ్ళతోనే తిరిగాను. దాలినాయుడు తనవి విప్పి నా ముందు పెట్టాడు. నా పాదాలకి చాలా పెద్దవి. తాళ్ళతో బిగించి కట్టుకున్నాను. బయట చీకటిపడిందన్నారు. ఇక్కడిదాకా రాసి లేస్తున్నాను. తలుపు తీస్తున్నారు.